ఆల్ ఇన్ వన్ పాలిష్ కొనేముందు ప్యాడ్ గురించి ఆలోచించాలి

శుభ్రంగా కడిగి ఆరబెట్టిన కారు మీద ఫోన్ టార్చ్ వేసి చూడండి, ముదురు రంగు కారైతే ఇంకా బాగా తెలుస్తుంది. వెలుగు చుక్క చుట్టూ సాలెగూడు అల్లినట్టు సన్నటి గీతలు గుండ్రంగా కనిపిస్తాయి. టార్చ్ పక్కకి జరిపితే ఆ గూడు కూడా దాంతోపాటే జరుగుతుంది, అంటే ఆ గీతలు నిజంగా గుండ్రంగా లేవన్నమాట. బానెట్ నిండా అన్ని దిక్కులకీ అడ్డదిడ్డంగా గీతలున్నాయి, వాటిలో వెలుగుకి అడ్డంగా పడినవి మాత్రమే మెరిసి మన కంటికి వలయాల్లా కనిపిస్తున్నాయి. వీటినే స్వర్ల్ మార్కులు అంటారు. దుమ్ము పట్టిన కారుని పొడిగుడ్డతో దులపడం, ఒకే బకెట్ నీళ్లలో ముంచిన స్పాంజితో కారంతా రుద్దడం, బ్రష్షులు తిరిగే ఆటోమేటిక్ వాష్‌లోకి పంపడం, ఇవి చాలు, కొత్త కారు మీద కూడా కొన్నాళ్లకే గూడు తయారవుతుంది.

వీటిని తీయడానికి పద్ధతిగా చేస్తే మూడు రౌండ్ల పని. ముందు బాగా కోసే పొడి ఉన్న కాంపౌండ్‌తో లోతు గీతల్ని కోయాలి, తర్వాత సన్న పాలిష్‌తో కాంపౌండ్ వదిలిన మసకని తీయాలి, చివర్లో రక్షణ పొరగా వ్యాక్స్ గానీ సీలెంట్ గానీ పట్టించాలి. శ్రద్ధగా చేస్తే రోజు దాటిపోతుంది. ఆల్ ఇన్ వన్ పాలిష్ ఈ మూడింటినీ ఒకే రౌండ్‌లో ముగిస్తానంటుంది. కోసే పొడి, మెరుపు తెచ్చే నూనెలు, పైన పొరలా నిలిచే వ్యాక్స్ లేదా పాలిమర్ లేదా సిలికా, అన్నీ ఒకే సీసాలో ఉంటాయి. రోజూ వాడే కారుకి ఇది చాలా మంచి ఎంపిక. అయితే కొనేటప్పుడు జనం నూటికి తొంభై పాళ్లు ఆలోచనంతా సీసా మీదే పెడతారు. పాలిష్‌ని పెయింట్ మీద రుద్దడానికి మెషిన్‌కి తగిలించే ప్యాడ్ మాత్రం ఏదో ఒకటి, దుకాణంలో ఏది ఉంటే అది. తిప్పలన్నీ అక్కడే మొదలవుతాయి.

ముందు సీసా లోపల ఏం జరుగుతోందో చూద్దాం. కోసే పొడి సాధారణంగా అల్యూమినియం ఆక్సైడ్. అది పెయింట్‌ని పట్టుకుని కొద్దికొద్దిగా చెక్కాలి. వ్యాక్స్, నూనెలు జారుడు పదార్థాలు, అవి ఎంత ఎక్కువుంటే పొడికి పట్టు అంత తగ్గుతుంది. ఇంకోపక్క పైపొర నిలవాలంటే అడుగున ఉపరితలం శుభ్రంగా, జిడ్డు లేకుండా ఉండాలి, కానీ అదే రౌండ్‌లో పాలిష్ నూనెలూ అక్కడే ఉన్నాయి. అందుకే ఆల్ ఇన్ వన్ కాంపౌండ్ అంత కోయదు, విడిగా పూసిన సీలెంట్ అంత కాలం ఆగదు. కోత బలంగా ఉన్న సీసాలో రక్షణ పలచగా ఉంటుంది, రక్షణ ఎక్కువున్న సీసాలో కోత మెత్తగా ఉంటుంది. ఈ రాజీ తయారీదారు ముందే చేసేసి మూత బిగించాడు, కొన్నాక మనం మార్చడానికి ఏమీ లేదు. మన చేతిలో మిగిలేది ప్యాడ్, మెషిన్ స్పీడు, చేతి ఒత్తిడి. మూడింటిలో ప్యాడ్‌దే పెద్ద వాటా.

కొన్ని ఆల్ ఇన్ వన్‌లలో నాలుగో పదార్థం కూడా ఉంటుంది, గీతల్ని నింపేవి. గీత అంచుల్ని చెక్కి చదును చేయడం ఒక పద్ధతి, గీతలో జిడ్డు నింపి వెలుగు చెదరకుండా చేయడం ఇంకో పద్ధతి. రెండోది మోసం అనుకోనక్కర్లేదు, చెక్కలేనంత లోతున్న గీతని కొన్నాళ్లు కనపడకుండా చేయడానికి అది పనికొస్తుంది. కానీ నాలుగు వాష్‌లయ్యాక నింపినది కరిగిపోయి గీతలు మళ్లీ పైకి తేలితే, తీశామనుకున్నవి ఎక్కడి నుంచి వచ్చాయో అర్థం కాదు. దీన్ని ముందే తెలుసుకోవడం తేలిక. పాలిష్ చేసిన చోట నీళ్లు కలిపిన ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కొద్దిగా కొట్టి మెత్తటి మైక్రోఫైబర్ గుడ్డతో తుడిచి, మళ్లీ టార్చ్ వేసి చూడాలి. అప్పుడు కనిపించేదే అసలు ఫలితం. ఆల్కహాల్ చిక్కగా వాడకూడదు, పదిహేను ఇరవై శాతం దాకా ఉంటే సరిపోతుంది. ఒకే చోట చూసుకోవడానికి మాత్రమే ఈ పరీక్ష, కారంతా తుడిస్తే పట్టించిన రక్షణ పొర కూడా పోతుంది. ఆ పరీక్ష చేసిన చోట చివర్లో ఇంకోసారి పాలిష్ వేసేస్తే లెక్క సరిపోతుంది.

సీసా పేర్లతో ఇంకో చిక్కు ఉంది. పేరు చూసి ఇది అన్నీ చేస్తుందనుకుంటే పొరపాటు పడతారు. 3డి కంపెనీ వాళ్ల 'వన్' తీసుకోండి, పేరు వన్, కానీ అది కాంపౌండ్, పాలిష్ రెండు పనులూ చేసే సరుకు మాత్రమే, రక్షణ పొర వేయదు. అదే కంపెనీ 'స్పీడ్' అసలైన ఆల్ ఇన్ వన్. కార్‌ప్రో 'ఎసెన్స్'కి కోసే గుణం కొద్దిగా ఉంది, 'ఎసెన్స్ ప్లస్'కి అసలు లేదు, అది గీతలు తీయదు, మెరుపు పెంచి సన్నటి గీతల్ని కప్పుతుంది. పేరులో ఒక్క మాట తేడా, పనిలో చాలా తేడా. అందుకే సీసా వెనక రెండు విషయాలు వెతకాలి. కోసే పొడి ఉందా, ఉంటే ఏ స్థాయి. ఆరిపోయాక ఏదైనా మిగులుతుందా, మిగిలితే అది వ్యాక్సా, పాలిమరా, సిలికానా. ఈ రెండింటికీ జవాబు దొరకని సీసా కొనకపోవడమే మంచిది.

రక్షణ ఎన్నాళ్లుంటుందన్నది కూడా అట్ట మీద పెద్ద అక్షరాల్లో రాసినంత ఉండదు. ఎండలో నిలబడే కారు, వారం వారం షాంపూతో కడిగే కారు, గ్యారేజీలో పడుకునే కారు, మూడింటికీ ఒకే లెక్క కుదరదు. వ్యాక్స్ రకానికి వారాల లెక్క, పాలిమర్, సిలికా రకాలకి నెలల లెక్క అనుకుంటే చాలు. పైపొర ఇంకా ఉందా లేదా అన్నది కారు కడిగినప్పుడు నీళ్లే చెబుతాయి, ముత్యాల్లా గుండ్రంగా నిలబడి జారిపోతే ఉన్నట్టు, పలచగా పరుచుకుని అక్కడే ఆగిపోతే అయిపోయినట్టు. పైన మురికి పట్టినా నీళ్లు అలాగే ఆగిపోతాయి కాబట్టి బాగా కడిగాకే ఈ మాట నమ్మాలి.

ఇప్పుడు ప్యాడ్. ఒకే సీసాలోని పాలిష్‌ని మెత్తటి ఫోమ్ ప్యాడ్ మీద వేస్తే వ్యాక్స్ పట్టించినట్టు ఉంటుంది, గట్టి ఫోమ్ మీద వేస్తే మామూలు స్వర్ల్ మార్కుల్లో ఎక్కువ భాగం పోతాయి, మైక్రోఫైబర్ ప్యాడ్ మీద వేస్తే చిన్న కాంపౌండ్ లాగా కోస్తుంది. పాలిష్ మారలేదు, దాని వెనక ఉన్నది మారింది. కోసే పొడి తనంతట తాను ఏమీ చేయలేదు, దాన్ని పెయింట్‌కి అదిమి తోసుకుపోయేది ప్యాడే. గట్టి ప్యాడ్ ఆ పొడిని గట్టిగా అదుముతుంది, మెత్తటిది పొడిని తనలోకి కుంగనిచ్చి పైపైన తిప్పుతుంది. దీనికి తోడు ప్యాడ్ పదార్థం కూడా కోస్తుంది, మైక్రోఫైబర్ పోగులు, ఉన్ని పోగులు పాలిష్ లేకుండానే పెయింట్ మీద గీతలు వేయగలవు.

కొనేటప్పుడు అన్నిటికన్నా ఎక్కువ తికమక పెట్టేది ప్యాడ్ రంగు. రంగుకీ గట్టితనానికీ అన్ని కంపెనీలూ ఒప్పుకున్న లెక్కేమీ లేదు, ఎవరి రంగులు వాళ్లవి. రూపెస్ వాళ్ల దగ్గర నీలం బాగా కోసేది, ఆకుపచ్చ మధ్యస్థం, పసుపు సన్నగా ఫినిష్ చేసేది, తెలుపు అన్నిటికన్నా మెత్తన. లేక్ కంట్రీ వాళ్ల పాత వరుసలో పసుపు అంటే గట్టిగా కోసేది, నారింజ దానికన్నా తక్కువ, తెలుపు పాలిష్‌కి, నలుపు ఫినిషింగ్‌కి. ఎవరో పసుపు ప్యాడ్ వాడి అద్దంలా చేశారని విని ఇంకో కంపెనీ పసుపు ప్యాడ్ తెచ్చుకుంటే ఏమవుతుందో ఊహించుకోవచ్చు. మెత్తటి నల్ల పెయింట్ మీద ఆ ఒక్క పొరపాటుతో బానెటంతా మసకబారుతుంది. రంగుని వదిలేసి కంపెనీ దానికి ఇచ్చిన పనిపేరు చూడాలి, కటింగ్ అన్నారా, పాలిషింగ్ అన్నారా, ఫినిషింగ్ అన్నారా అని. ప్యాడ్ చేతికి దొరికితే బొటనవేలితో నొక్కి చూడటం ఇంకా మంచిది. నొక్కగానే కుంగిపోయి వేలికి అడుగు తగిలేది ఫినిషింగ్‌కి, కాస్త ఎదురు తోస్తూ దిగేది పాలిషింగ్‌కి, గరుకుగా ఉండి వేలిని ఆపేది కటింగ్‌కి. ఇదేం శాస్త్రీయ కొలత కాదు, అయినా రంగు కన్నా నిజం చెబుతుంది.

చాలా కార్లకి ఆల్ ఇన్ వన్‌తో మొదలుపెట్టాల్సింది మధ్యస్థ ఫోమ్, అంటే పాలిషింగ్ ప్యాడ్. ఇది గట్టిగా చెప్పొచ్చు. ఫినిషింగ్ ప్యాడ్‌తో మొదలుపెడితే గీతలు అలాగే ఉండి మెరుపు మాత్రం పెరుగుతుంది. మైక్రోఫైబర్‌తో మొదలుపెడితే గీతలు పోతాయి కానీ దాని సొంత మసక మిగలొచ్చు, ఆ మసకని తీయడానికి ఇంకో రౌండ్ చేయాలంటే ఆల్ ఇన్ వన్ తీసుకున్న ప్రయోజనమే పోయింది. మధ్యస్థ ఫోమ్ కోతకీ ఫినిష్‌కీ మధ్యలో ఆగుతుంది కాబట్టి ఒక్క రౌండ్‌లో ముగిసే అవకాశం దాంతోనే ఎక్కువ. ఉన్ని ప్యాడ్‌లు వేడి తక్కువ పుట్టిస్తూ బాగా కోస్తాయి, అలవాటున్న చేతుల్లో అద్భుతంగా పనిచేస్తాయి, అయితే మొదటిసారి చేసేవాళ్లకి సిఫార్సు చేయదగ్గవి కావు.

పెయింట్ గట్టితనం మాట లేకుండా ఈ విషయం తేలదు. ఒక కారు మీద అరగంటలో సాలెగూడంతా పోగొట్టిన పాలిష్, ప్యాడ్ జోడీ, ఇంకో కారు మీద గీతని కదిలించలేకపోవచ్చు. జర్మన్ కార్ల పెయింట్ గట్టిది, జపాన్ కార్లది మెత్తనిది అని ఒక మాట బాగా వాడుకలో ఉంది. అందులో కొంత నిజం లేకపోలేదు, మెర్సిడెస్ బెంజ్ 2003 చివర్లో గీతల్ని బాగా తట్టుకునే నానో రేణువుల క్లియర్ కోట్, అంటే రంగు మీద వేసే పారదర్శక పొర, తెచ్చింది, అలాంటివి కోయడానికి కష్టపడాలి. అయితే ఒకే కంపెనీ వేర్వేరు ఫ్యాక్టరీల్లో, వేర్వేరు రంగులకి వాడే పెయింట్లు వేరు కావచ్చు, పైగా ఏదో తలుపు షెడ్డులో మళ్లీ పెయింట్ వేయించినదైతే ఒకే కారులో రెండు రకాలుంటాయి. బ్యాడ్జీ చూసి ప్యాడ్ ఎంచుకోవడం కన్నా ఆ కారు మీదే ఒక చోట పరీక్షించి చూడటం నయం.

ఆ పరీక్షని కాస్త దగ్గరగా చూద్దాం. బానెట్ మీద సుమారు రెండడుగుల చదరం తీసుకుని చుట్టూ మాస్కింగ్ టేపు అంటించాలి. దాని కన్నా ముందు కారుని బాగా కడిగి, ఇనుప రజను కరిగించే స్ప్రే కొట్టి, అంటుకున్న మురికిని లాగేసే క్లే ముద్దతో రుద్ది ఉండాలి, అరచేతిని పలచటి ప్లాస్టిక్ సంచిలో పెట్టి పెయింట్ మీద నడిపితే గరుకు తగలకూడదు. ఇప్పుడు మధ్యస్థ ఫోమ్ ప్యాడ్ ముఖమంతా పాలిష్‌ని వేళ్లతో పలచగా పట్టించి, పైన బఠాణీ గింజంత చుక్కలు మూడో నాలుగో వేయాలి. మెషిన్ తక్కువ స్పీడులో పెట్టి పాలిష్‌ని చదరమంతా పరిచి, తర్వాత స్పీడు నాలుగు దాకా పెంచి, అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి, ప్రతి వరుసా ముందు వరుసని సగం కప్పేలా మెల్లగా నడపాలి. చేయి ఎంత మెల్లగా కదలాలంటే, చూసేవాళ్లకి విసుగొచ్చేంత. ఇలా నాలుగు నుంచి ఆరు సార్లు నడిపాక పాలిష్ పాల మీగడ రంగు పోయి పలచటి నూనె పొరలా కనిపిస్తుంది, అక్కడ ఆపి తుడవాలి. టేపు తీసేస్తే ఒకపక్క సాలెగూడు, ఇంకోపక్క నున్నటి అద్దం, మధ్యలో స్కేలు పెట్టి గీసినట్టు ఒక గీటు కనిపిస్తుంది. ఆల్కహాల్‌తో తుడిచాక కూడా ఆ గీటు అంత స్పష్టంగానే ఉందంటే జోడీ కుదిరింది.

గీటు మాసిపోతే పాలిష్ నింపింది గానీ చెక్కలేదని అర్థం, ప్యాడ్ ఒక మెట్టు గట్టిది తీసుకోవాలి. గీతలు పోయాయి కానీ పెయింట్ మీద పొగ పట్టినట్టుగా ఉంటే, పెయింట్ మెత్తనిది, ప్యాడ్ ఒక మెట్టు దిగాలి. రెండు సందర్భాల్లోనూ సీసా అదే. సీసా మార్చాల్సి వచ్చేది ప్యాడ్‌ని రెండు వైపులా మార్చి చూశాక కూడా దారికి రానప్పుడే, ఆ అవసరం అరుదుగా వస్తుంది. అందుకే ఉన్న డబ్బుతో రెండు మూడు రకాల పాలిష్‌లు కొనే బదులు ఒక సీసా, మూడు గట్టితనాల ప్యాడ్‌లు కొనుక్కోవడం తెలివైన పని.

అన్ని గీతలూ పోవాల్సిన అవసరం కూడా లేదు, ఈ మాట మీద కొంచెం ఆగాలి. ఇప్పటి కార్లకి రంగు మీద వేసే క్లియర్ కోట్ మందం మామూలుగా 35 నుంచి 50 మైక్రాన్ల చుట్టూ ఉంటుంది. తలవెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. అంటే మనం చెక్కుతున్నది వెంట్రుక కన్నా పలచటి పొరని, అదీ మళ్లీ పెరగని పొరని. ఎండలోని అతినీలలోహిత కిరణాల నుంచి రంగుని కాపాడే పదార్థాలు ఉండేది ఆ పొరలోనే, దాన్ని మరీ పలచన చేస్తే కొన్నేళ్లకి తెల్లగా పొట్టులేచిపోతుంది, అప్పుడు ఏ పాలిషూ పనిచేయదు, మళ్లీ పెయింట్ వేయించాల్సిందే. గోరుతో అడ్డంగా గీకితే గోరుకి తగిలే గీత సాధారణంగా పాలిష్‌తో క్షేమంగా తీయగలిగే లోతు దాటిపోయినట్టే. దాన్ని పూర్తిగా తీయాలని పట్టుబట్టకుండా అంచులు మొద్దుబారేలా చేసి వదిలేస్తే వెలుగులో సగానికి సగం కనపడదు. ఆల్ ఇన్ వన్ అసలు బలం ఇక్కడే ఉంది, తక్కువ చెక్కి ఎక్కువ తేడా చూపిస్తుంది. ఏళ్ల తరబడి ఉంచుకోవాల్సిన కారుకి ఆ పొదుపు చాలా విలువైనది.

మెషిన్‌కి తగ్గ ప్యాడ్ సైజు సంగతికొద్దాం. ఇంట్లో చేసుకునేవాళ్లకి డ్యూయల్ యాక్షన్ మెషిన్ తప్ప ఇంకోటి అవసరం లేదు. ప్యాడ్ తన చుట్టూ తాను తిరుగుతూనే పక్కలకి ఊగుతుంది, ఆ ఊపు 8 మిల్లీమీటర్ల నుంచి 21 దాకా ఉంటుంది, 15, 21 రకాలు విశాలమైన బానెట్, టాప్ మీద త్వరగా నడుస్తాయి, చిన్న ఊపు ఉన్నవి వంపులకి, అంచుల దగ్గరికి. ఈ రకం మెషిన్లలో చాలావాటికి ప్యాడ్‌ని బలవంతంగా తిప్పే గేరు లేదు కాబట్టి గట్టిగా అదిమితే తిరగడం మానేసి ఊగుతూ ఉండిపోతుంది. తిరగకపోతే కోత దాదాపు లేనట్టే. ప్యాడ్ వెనక ప్లేటు అంచు మీద మార్కర్‌తో ఒక నల్ల గీత గీసుకుంటే పని చేస్తున్నంతసేపూ తిరుగుతోందో లేదో కంటికి తెలుస్తుంది. తలుపు హ్యాండిల్ కింద వంపులోకి వెళ్లగానే ఆ గీత ఆగిపోవడం చూస్తారు, అక్కడ ఒత్తిడి తగ్గించి మెషిన్‌ని పెయింట్‌కి సమంగా ఆనించాలి. మందంగా ఉన్న ప్యాడ్ ఊపుని తనలోనే మింగేస్తుంది, పలచటిది ఆ కదలికని పెయింట్ దాకా తీసుకెళుతుంది. ప్లేటు కన్నా ప్యాడ్ కొంచెం పెద్దగా ఉండాలి, ఐదంగుళాల ప్లేటుకి ఐదున్నర అంగుళాల ప్యాడ్ అన్నట్టు, లేదంటే ప్లేటు అంచు పెయింట్‌కి తగిలి కొత్త గీత పడుతుంది. చేత్తో చేస్తే ఏమవుతుందని అడిగేవాళ్లూ ఉన్నారు. మెరుపు వస్తుంది, రక్షణ వస్తుంది, గీతలు మాత్రం పెద్దగా తగ్గవు.

ఎన్ని ప్యాడ్‌లు కావాలన్నది చాలామంది తక్కువ అంచనా వేసే లెక్క. ఒక మామూలు సైజు కారుకి ఒకే రకం ప్యాడ్‌లు కనీసం నాలుగైనా ఉండాలి, ఆరుంటే హాయి. చెక్కిన క్లియర్ కోట్ పొడి, వాడేసిన పాలిష్ రెండూ ప్యాడ్ రంధ్రాల్లోనే పేరుకుంటాయి. ఆల్ ఇన్ వన్‌లో నూనెలు, వ్యాక్స్ కూడా ఉన్నాయి కాబట్టి మామూలు పాలిష్ కన్నా త్వరగా జిడ్డు కట్టేస్తుంది. రెండు తలుపులు అయ్యేసరికి కోత తగ్గిందనిపిస్తే, అది పాలిష్ లోపం కాదు, నిండిపోయిన ప్యాడ్. పైగా తడిసి బరువెక్కిన ఫోమ్ వేడెక్కుతుంది, మధ్యలో వేడి బయటికి పోయే దారి లేక లోపలి నుంచి మెత్తబడి చిరుగుతుంది, వెనక వెల్క్రో ఊడొస్తుంది. ఒక్కో ప్యానెల్ అయ్యాక శుభ్రమైన టవల్‌ని ప్యాడ్‌కి అదిమి మెషిన్ తిప్పితే పైన ఉన్న తడి చాలావరకు టవల్‌కి వచ్చేస్తుంది, మైక్రోఫైబర్ ప్యాడ్‌ని అయితే బ్రష్‌తో దువ్వాలి, గాలి కంప్రెసర్ ఉంటే దానికి మించింది లేదు. ఆ తర్వాత కూడా ప్యాడ్ బిగుసుకుపోయినట్టు ఉంటే పక్కన పెట్టి ఇంకోటి తీయాలి. పని అయ్యాక గోరువెచ్చటి సబ్బునీళ్లలో పిసికి కడిగి, ముఖం కిందికి పెట్టి నీడలో ఆరబెడితే చాలాకాలం మన్నుతాయి, రాత్రంతా పాలిష్‌తో ఎండనిస్తే మర్నాటికి అట్టలా తయారవుతాయి.

ఎండలో, వేడి పెయింట్ మీద మొదలుపెట్టొద్దు. పాలిష్ ఆరిపోయి అంటుకుపోతుంది. ప్లాస్టిక్ బంపర్ల దగ్గర ఇంకా జాగ్రత్త, ఉక్కు రేకు వేడిని లాగేసుకున్నట్టు ప్లాస్టిక్ లాగదు, వేడి అక్కడే నిలిచి పెయింట్ మెత్తబడుతుంది, అంచుల్లోనూ మడతల మీదా పెయింట్ ఎలాగూ పలచగానే ఉంటుంది. నల్లటి గరుకు ప్లాస్టిక్ పట్టీలకి టేపు వేయకపోతే వ్యాక్స్ ఆరి తెల్లటి మచ్చలు పడతాయి, అవి తీయడం పాలిష్ చేయడం కన్నా పెద్ద పని.

ఆల్ ఇన్ వన్ అసలు వద్దనాల్సిన కార్లూ ఉన్నాయి. తర్వాత సిరామిక్ కోటింగ్ వేయించాలనుకుంటే ఇది తప్పు ఎంపిక, ఇది వదిలే నూనెలు, వ్యాక్స్ కోటింగ్‌ని పెయింట్‌కి అంటుకోనివ్వవు. దానికి రక్షణ పొర వేయని పాలిష్ వాడి, తుడిచి శుభ్రం చేసి కోటింగ్ వేయాలి. ఇప్పటికే కోటింగ్ ఉన్న కారైతే ఆల్ ఇన్ వన్ ఆ కోటింగ్‌నే చెక్కేస్తుంది. మ్యాట్ పెయింట్ జోలికి ఏ పాలిష్‌తోనూ వెళ్లకూడదు, ఒకచోట మెరిసిందంటే ఆ మచ్చ ఇక పోదు. ఈ మధ్యే షెడ్డులో పెయింట్ వేయించిన కారుకి లోపలి సాల్వెంట్ పూర్తిగా ఆరాలి, వేసినవాళ్లు చెప్పిన గడువు దాకా, సాధారణంగా ఒకటి నుంచి మూడు నెలలు, పైన వ్యాక్స్ గానీ సీలెంట్ గానీ పడకూడదు. పెయింట్ షెడ్డు లోపల పనిచేసేవాళ్లకైతే సిలికోన్ ఉన్న సరుకు దగ్గర్లో కూడా ఉండకూడదు, దాని తుంపర పడిన చోట కొత్త పెయింట్ చేపకళ్లలా గుంటలు పడి విడిపోతుంది. క్లియర్ కోట్ లేని పాతకాలపు ఒకే పొర పెయింట్ అయితే ప్యాడ్‌కి కారు రంగు అంటుతుంది, అది చూసి భయపడక్కర్లేదు, ఎర్ర కారుకి ప్యాడ్ ఎర్రబడటం సహజం. నిజానికి ఎండి పేలవమైన ఆ పెయింట్లకి నూనెలున్న ఆల్ ఇన్ వన్ బాగా పనిచేస్తుంది, మసక పొర పోయి రంగు మళ్లీ నిండుగా తేలుతుంది.

ఇక ఏ కారుకి ఏది. తెలుపు, వెండి రంగు కార్లలో స్వర్ల్ మార్కులు కంటికి తక్కువ ఆనతాయి, వాటికి రక్షణ ఎక్కువున్న, కోత తక్కువున్న సీసా, మధ్యస్థ ఫోమ్ చాలు, ఒక పూటలో పని ముగుస్తుంది. ఏళ్లుగా ఎవరూ పట్టించుకోని గట్టి పెయింట్ అయితే కోత ఎక్కువున్న ఆల్ ఇన్ వన్‌ని మైక్రోఫైబర్ ప్యాడ్ మీద వేసి, గీతలు తగ్గాక అదే పాలిష్‌ని మెత్తటి ఫోమ్ మీద వేసి ఇంకో రౌండ్ తిప్పితే మసక పోతుంది. అది రెండు రౌండ్ల పనే, అయినా రెండో సీసా అవసరం రాలేదు. నల్లటి మెత్తటి పెయింటే అన్నిటికన్నా ఓపిక అడుగుతుంది. గీతలు తేలిగ్గా పోతాయి, అంతకన్నా తేలిగ్గా పడతాయి, తుడిచే గుడ్డ కాస్త గరుకైనా చాలు. దానికి సన్నటి పొడి ఉన్న సీసా, మధ్యస్థం కన్నా ఒక మెట్టు మెత్తటి ఫోమ్, తక్కువ స్పీడు, చివరి రెండుసార్లు మెషిన్ బరువు తప్ప చేతి ఒత్తిడి లేకుండా నడపడం. తుడవడానికి అంచు కుట్టు లేని కొత్త మైక్రోఫైబర్ గుడ్డ, అదీ రెండు మూడు ప్యానెళ్లకి ఒకటి చొప్పున మార్చుతూ.

ఆరేడు నెలల తర్వాత నీళ్లు ముత్యాల్లా నిలబడటం మానేసినప్పుడు మళ్లీ మొదటిసారి వాడిన ప్యాడే తీయాలని లేదు. టార్చ్ వేసి చూడండి, కడిగే పద్ధతి మార్చుకుని ఉంటే కొత్త గీతలు కొన్నే ఉంటాయి. అప్పుడు అదే సీసా, ఫినిషింగ్ ప్యాడ్, మెషిన్ రెండుసార్లు నడిపితే చాలు. క్లియర్ కోట్‌లో దాదాపు ఏమీ పోదు, రక్షణ పొర కొత్తగా వచ్చి కూర్చుంటుంది.